ఇత్తడికి ఇంత సేవ అవసరమా?

ఇక్కడ టెక్సస్‌లో, మా షూటింగ్ రేంజ్‌లో ఈమధ్య పరిచయమైన తెలుగు కుర్రాడు ఒక రాత్రి వాట్సాప్‌లో స్క్రీన్‌షాట్ పంపాడు. ఆన్‌లైన్ షాపులో నింపిపెట్టుకున్న కార్టు. కాల్చాక మిగిలే ఖాళీ ఇత్తడి తొడుగుల్ని (మేం బ్రాస్ అనీ, కేసులనీ అంటాం) సరిచేసి, కొత్త ప్రైమర్ (మందుకి నిప్పంటించే చిన్న మూత), పౌడర్, బుల్లెట్ పెట్టి మళ్ళీ తూటాగా వాడుకుంటాం. దానికి కావాల్సిన సరంజామా అంతా అందులో ఉంది. ఫ్లాష్ హోల్ (ప్రైమర్ నిప్పు కేసులోకి దూరే చిల్లు) గరుకు గీకే పనిముట్టు, ప్రైమర్ కూర్చునే గుంటని సరిచేసే ప్రైమర్ పాకెట్ యూనిఫార్మర్, కేసు మెడని చెక్కే నెక్ టర్నింగ్ కిట్, వంకర కొలిచే రనౌట్ గేజ్, స్టీల్ పిన్నులతో తిప్పి కేసులు కడిగే తడి టంబ్లర్, గ్యాస్ మంటతో కేసు మెడని మెత్తబరిచే అనీలింగ్ యంత్రం, కేసులు తూచడానికి ఇంకో స్కేలు. కింద ఒకే ముక్క: "అన్నా, ఇంకేమైనా మర్చిపోయానా?"

అతని దగ్గరున్నది ఫ్యాక్టరీ బ్యారెల్‌తో వచ్చిన మామూలు 6.5 క్రీడ్‌మూర్ రైఫిల్. కొని ఎన్నాళ్ళో కాలేదు. కార్టు మొత్తం రైఫిల్ ధర దాటేసింది. "కాల్చడానికి డబ్బులు మర్చిపోయావు తమ్ముడూ" అని టైప్ చేసి, మరీ వెటకారంగా ఉంటుందని చెరిపేసి, శనివారం మాట్లాడుకుందామన్నాను. మాట్లాడాం కూడా. కానీ ఫోన్లో సగం చెప్పి సగం మింగిన మాటలు బుర్రలో తిరుగుతూనే ఉన్నాయి. అందుకే ఈ పోస్టు.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. గురి కోసం బ్రాస్ మీద మనం చేసే పనుల్లో చాలావాటి వల్ల మంచి కేసు ఇంకా మంచి కేసు అయిపోదు. చెడ్డ కేసు దొరుకుతుంది, అంతే. ఆ 'అంతే' చిన్న విషయమేమీ కాదు. బియ్యంలో రాళ్ళు ఏరడానికీ, ప్రతి గింజనీ చేతిలోకి తీసుకుని పాలిష్ పెట్టడానికీ ఉన్న తేడా అది. మన బెంచీల మీద ఏరే పని తక్కువ, పాలిష్ పని ఎక్కువ జరుగుతోందని నా గొడవ.

చిన్న తప్పుల్ని పెద్ద తప్పు మింగేస్తుంది

ముందు లెక్క చూద్దాం. బ్రాస్ సంగతి పక్కన పెడితే ఒక రైఫిల్ నూరు గజాల దగ్గర అర అంగుళం గ్రూపు (వరసగా కాల్చిన చిల్లులు పరుచుకునే వెడల్పు) ఇస్తుందనుకోండి. అందులో బ్యారెల్ ఉంది, బుల్లెట్ ఉంది, మన భుజం, మన ఊపిరి, ట్రిగర్ మీద మన వేలు అన్నీ ఉన్నాయి. కేసుల మధ్య తేడాలు మాత్రమే వేరుగా అంగుళంలో పదో వంతు చెదరగొడతాయనుకోండి. రెండూ కలిస్తే 0.6 అవుతుందని మనసుకి అనిపిస్తుంది. అవదు. ఒకదానితో ఒకటి సంబంధం లేని తప్పులు వర్గాలుగా కూడుతాయి. 0.25కి 0.01 కలిపితే 0.26, దాని వర్గమూలం 0.51. అంటే కేసులన్నిటినీ సాక్షాత్తూ విశ్వకర్మే వచ్చి సరిచేసి వెళ్ళినా 0.51 అంగుళాల గ్రూపు 0.50 అవుతుంది. ఆ తేడాని కంటితో చూసినవాడు లేడు.

చూశానని చెప్పేవాళ్ళు మాత్రం రేంజ్ నిండా ఉన్నారు. "ఫ్లాష్ హోల్స్ గీకాక గ్రూపు సగం అయింది" అంటారు. అడిగితే ఐదు తూటాల గ్రూపు ముందొకటి, తర్వాతొకటి. ఒకే రైఫిల్‌తో, ఒకే డబ్బాలోని తూటాలతో, ఒకే మధ్యాహ్నం కాల్చిన ఐదేసి తూటాల గ్రూపులు ఒకటి అర అంగుళం, ఇంకొకటి ముప్పావు అంగుళం రావడం రోజూ జరిగేదే. మధ్యలో ఏ పనిముట్టూ ముట్టుకోనక్కర్లేదు. కాఫీ తాగి వచ్చి కాల్చినా అంతే తేడా రావచ్చు. రేపటి నుంచి కాఫీ వల్లే గురి కుదిరిందని రాసుకుంటామా?

తూటా వేగం కొలిచే క్రోనోగ్రాఫ్ అంకెలదీ అదే కథ. ఐదు తూటాల వేగాలు కొలిచి, స్టాండర్డ్ డీవియేషన్ (సగటు చుట్టూ ఉండే చెదురు) సెకనుకి 10 అడుగులు వచ్చిందని సంబరపడతాం. ఐదు కొలతల్లోంచి వచ్చిన ఆ 10కి, 95 శాతం నమ్మకంతో చెప్పాలంటే, అసలు విలువ 6 నుంచి 29 వరకు ఎక్కడైనా ఉండొచ్చు. స్టాటిస్టిక్స్ చదివిన ఏ ఇంజనీరుకైనా ఈ సంగతి తెలుసు. మన తెలుగువాళ్ళలో ఆ చదువు లేనివాళ్ళు ఇక్కడ తక్కువే. ఆఫీసులో ఎ/బి టెస్టుకి శాంపిల్ సైజు చాలదని మేనేజర్‌తో వాదించే మనిషే రేంజ్‌కి వచ్చేసరికి ఐదు చిల్లుల్ని ఫొటో తీసి వాట్సాప్ గ్రూపులో పెట్టేస్తాడు.

కేసుల్ని తూచి వేరు చేసే పని ఇంకా విచిత్రం. తూచేది ఎందుకు? లోపలి ఖాళీ ఒకేలా ఉంటే పీడనం ఒకేలా, వేగం ఒకేలా ఉంటుందని. కానీ స్కేలు చెప్పేది ఇత్తడి బరువు, లోపలి ఖాళీ కాదు. ఇత్తడి నీటికంటే ఎనిమిదిన్నర రెట్లు బరువు. కాబట్టి కేసు ఒక గ్రెయిన్ (సుమారు 0.065 గ్రాములు) ఎక్కువ తూగితే, ఆ ఎక్కువంతా లోపలి గోడలోనే ఉందనుకున్నా, తగ్గేది 0.12 గ్రెయిన్ నీళ్ళు పట్టేంత జాగా. క్రీడ్‌మూర్ కేసులో యాభై రెండు, యాభై మూడు గ్రెయిన్ల నీళ్ళు పడతాయి. పావు శాతం కూడా కాదు. పైగా ఆ ఒక్క గ్రెయినూ లోపల ఉండాలని రూలేమీ లేదు. అంచు దగ్గర, ఎక్స్‌ట్రాక్టర్ గాడి దగ్గర లేత్ బ్లేడు కొంచెం తక్కువ కోసి ఉండొచ్చు. దానికీ పీడనానికీ ఏం సంబంధం?

దీనికి ఎదురు వాదన ఉంది, అది బలమైనదే. నూరు గజాల దగ్గర కనపడనిది వెయ్యి గజాల దగ్గర కనపడుతుంది. వేగంలో 10 అడుగుల తేడాకి నూరు గజాల దగ్గర ఏమీ కాదు కానీ, వెయ్యి గజాల దగ్గర తూటా రెండున్నర, మూడు అంగుళాలు పైనో కిందో పడుతుంది. ఎఫ్-క్లాస్ (పడుకుని దూరాలకి కాల్చే పోటీ) టార్గెట్‌లో అంత దూరాన పది పాయింట్ల రింగు వ్యాసం 10 అంగుళాలు, మధ్యలోని ఎక్స్ రింగు 5 అంగుళాలు. మూడు అంగుళాలంటే ఎక్స్ పోయినట్టే. ఒప్పుకుంటాను. అయితే అదే వెయ్యి గజాల దగ్గర పక్కగాలి గంటకి ఒక్క మైలు తేడా వస్తే తూటా ఆరేడు అంగుళాలు జరుగుతుంది. టెక్సస్‌లో మధ్యాహ్నం పూట ఒక్క మైలు తేడాని జెండా చూసి పట్టగలిగినవాడు కేసులు తూచుకోవడానికి నా దగ్గర అభ్యంతరం లేదు. నేను పట్టలేను. మా కుర్రాడూ పట్టలేడు.

వానాకాలం పగుళ్ళు

బ్రాస్ గురించి నాకు అన్నిటికన్నా ఇష్టమైన కథ మన దేశానిది. పందొమ్మిదో శతాబ్దంలో ఇండియాలోని బ్రిటిష్ సైన్యం వానాకాలంలో తూటాల్ని గుర్రపుశాలల్లో దాచిపెట్టేది. వానలు వెలిశాక తీసి చూస్తే కొన్ని తొడుగులు వాటంతట అవే నిలువునా పగిలి ఉండేవి. ఎవరూ కాల్చలేదు, ఎవరూ కొట్టలేదు. సీజన్‌లో వచ్చే జబ్బు కాబట్టి దానికి 'సీజన్ క్రాకింగ్' అనే పేరే స్థిరపడిపోయింది. కారణం తేలింది మాత్రం 1921లో, మూర్, బెకిన్‌సేల్, మాలిన్‌సన్ అనే ముగ్గురి పరిశోధనలో. గుర్రాల మూత్రం నుంచి వచ్చే అమోనియా, గాలిలో తేమ, చల్లగానే సాగదీసి తయారుచేసిన ఇత్తడిలో మిగిలిపోయిన బిగువు, మూడూ కలిస్తే ఇత్తడి పగులుతుంది. మందు కూడా వాళ్ళే చెప్పారు. కొద్దిపాటి వేడి చేసి ఆ బిగువు వదిలించమన్నారు. ఇవాళ మిలిటరీ కేసుల మెడ దగ్గర, ఫిన్లాండ్ లాపువా కేసుల మెడ దగ్గర కనిపించే నీలి, గోధుమరంగు మరక ఆ వేడి గుర్తే. చాలా కంపెనీలు పాలిష్ చేసి ఆ మరక తీసేస్తాయి, చూడ్డానికి బాగుండదని.

ఈ కథ ఇక్కడ చెప్పడానికి ఇంకో కారణం కూడా ఉంది. మెరుపు కోసం కొందరు అమోనియా ఉన్న పాలిష్‌లు వాడతారు. డెబ్బై పాళ్ళు రాగి, ముప్ఫై పాళ్ళు జింకు ఉన్న ఈ లోహానికి అమోనియా పడదని తెలిసి నూరేళ్ళు దాటింది. పూజ గదిలో దీపపు కుందికి పాలిష్ వేరు, 62,000 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు) వరకు పీడనం పట్టే .308 రైఫిల్ కేసుకి పాలిష్ వేరు.

తడి టంబ్లింగ్ చేసేవాళ్ళు డిష్ సోపుతో పాటు సిట్రిక్ యాసిడ్ వేస్తారు. నేను ఇండియన్ స్టోర్‌లో దొరికే నిమ్మ ఉప్పే చిటికెడు వేసేవాణ్ణి. వీడియో కాల్‌లో అమ్మ ఆ డబ్బా చూసి, "ఏంట్రా అది, చెంబులా? చింతపండు పెట్టి తోమితే పోయేదానికి మిషనెందుకురా?" అంది. అవి తూటాల తొడుగులని చెప్పలేదు. చెబితే ఆ కాల్ వేరే దారి పట్టేది.

అమ్మ ప్రశ్నకి నా దగ్గర ఇప్పటికీ సరైన జవాబు లేదు. స్టీల్ పిన్నులతో గంటలకొద్దీ తిప్పితే కేసు కొత్తదానిలా తళతళలాడుతుంది, నిజమే. లోపల మెడకి పట్టిన కార్బన్ కూడా ఊడిపోతుంది. అప్పుడు బుల్లెట్ కూర్చోబెడుతుంటే ఒకటి జారినట్టు పోతుంది, ఇంకొకటి పట్టుకుని గీసుకుంటూ పోతుంది. అందుకని మెడలోపల గ్రాఫైట్ పొడి రాస్తారు. గ్రాఫైట్ అంటే కార్బనే కదా! ఉన్నదాన్ని కష్టపడి కడిగి, కొనుక్కొచ్చి మళ్ళీ రాస్తున్నాం. మొక్కజొన్న బెండ్ల పొట్టులో ఓ గంట తిప్పి, లోపలి నలుపుని నైలాన్ బ్రష్‌తో ఒక్కసారి తుడిచి వదిలేయడం నాకు నయమనిపించింది. మెరవదు. మెరవాల్సిన పనేముంది?

వదలకూడనివి

అన్నీ అనవసరమని నేననడం లేదు. కొన్ని పనులు వదిలేస్తే గురి మాట దేవుడెరుగు, మొహం మీదికే వస్తుంది.

అన్నిటికన్నా ముఖ్యమైనది సైజింగ్. కాల్చినప్పుడు కేసు ఉబ్బి ఛాంబర్ (రైఫిల్లో తూటా కూర్చునే గది) ఆకారం తీసుకుంటుంది. డైలో, అంటే ఉక్కు అచ్చులో పెట్టి మళ్ళీ నొక్కుతాం. ఎంత నొక్కుతున్నామన్నదే అసలు ప్రశ్న. డైతో వచ్చిన కాగితంలో, కేసుని పట్టుకునే షెల్ హోల్డర్‌కి తగిలేదాకా తిప్పి ఇంకాస్త బిగించమని ఉంటుంది. అలా చేస్తే తూటా ఎవరి రైఫిల్లోనైనా పడుతుంది, అనుమానం లేదు. కానీ కేసు భుజం (ఒళ్ళు సన్నబడి మెడగా మారే చోటు) అవసరానికి మించి వెనక్కి పోతుంది. మళ్ళీ కాల్చగానే ముందుకి సాగుతుంది. ప్రతిసారీ సాగిన ఇత్తడి ఎక్కణ్ణుంచో రావాలి కదా, అడుగుకి కొంచెం పైన గోడ పలచబడుతూ వస్తుంది. చివరికి ఒకరోజు కేసు రెండు ముక్కలై, పై ముక్క ఛాంబర్లో ఇరుక్కుపోతుంది.

కంపారేటర్ అనే చిన్న బిళ్ళని కాలిపర్స్‌కి తగిలించి, కాల్చిన కేసు భుజం ఎక్కడుందో కొలవాలి. డైని కొద్దికొద్దిగా దింపుతూ, భుజం అంగుళంలో వెయ్యో వంతు, మహా అయితే రెండు వెయ్యో వంతులు వెనక్కి జరిగాక ఆగిపోవాలి. చేత్తో బోల్ట్ మూసే బోల్ట్ యాక్షన్ రైఫిల్‌కి అంత చాలు. బోల్ట్ మూస్తుంటే హాయిగా పడుతుంది, ఇత్తడి మీద అనవసరపు శ్రమ ఉండదు. ఒకప్పుడు గురి కావాలంటే మెడ ఒక్కటే సైజ్ చేయాలనేవారు. ఇప్పుడు పోటీల్లో గెలిచేవాళ్ళలో చాలామంది ప్రతిసారీ కేసు మొత్తాన్నీ, కానీ ఇలా కొలిచి కొద్దిగానే, సైజ్ చేస్తున్నారు. మెడ ఒక్కటే చేసుకుంటూపోతే కొన్నాళ్ళకి బోల్ట్ బిగిసిపోవడం, ఒక్కో తూటా ఒక్కోలా కూర్చోవడం మొదలవుతుంది.

గోడ పలచబడిందో లేదో చూడటానికి పేపర్ క్లిప్ చాలు. తీగని సాపు చేసి, కొసని చిన్న కొక్కెంలా వంచి, కేసులోపల అడుగు నుంచి పైకి గోడ వెంట లాగాలి. మంచి కేసులో కొస జారుతూ వచ్చేస్తుంది. పలచబడ్డదాంట్లో అడుగుకి కొంచెం పైన చిన్న గాడిలో పడి టక్కున ఆగినట్టు వేలికి తెలుస్తుంది. బయట అదే ఎత్తులో చుట్టూ సన్నటి మెరిసే గీత కనిపిస్తే ఇక చూడక్కర్లేదు, పారేయడమే. నా డబ్బాల్లో అప్పుడప్పుడూ అలాంటిది తగులుతుంది. ఆ పేపర్ క్లిప్ ముందు ఏ గేజ్ అయినా దండగే.

రెండోది పొడవు కోయడం. .308 కేసు 2.015 అంగుళాలు దాటకూడదు. దాటితే మూతి ఛాంబర్ చివర ఇరుక్కుని బుల్లెట్‌ని పట్టేస్తుంది, పీడనం ఎగబాకుతుంది. 2.005కి కోసి, లోపలా బయటా అంచు గరుకు తీసేస్తే ఈ పని అయిపోయింది. ఇందులో చర్చ ఏమీ లేదు.

మూడోది మెడ బుల్లెట్‌ని పట్టుకునే పట్టు. అదొక్కటి మాత్రం గురికి నేరుగా తగులుతుందని నమ్ముతాను. డై లోపల మెడని వెడల్పు చేసే ఎక్స్‌పాండర్ బాల్ మెడలోంచి పైకి వస్తూ మెడని ఒక పక్కకి లాగుతుంది. బాల్ తీసేసి, విడిగా మాండ్రెల్ అనే నున్నటి కడ్డీని పైనుంచి లోపలికి దింపితే మెడ నిటారుగా ఉంటుంది, లోపలి కొలత ఒకేలా వస్తుంది. బుల్లెట్ కంటే రెండు వెయ్యో వంతులు చిన్నగా ఉంటే నాకు బాగుంది. మీకు ఇంకోటి కుదరొచ్చు. అంకె కన్నా అన్ని మెడలూ ఒకేలా ఉండటం ముఖ్యం.

అనీలింగ్ దగ్గరే నాకు ఎటూ తేలదు. ఇత్తడిని వంచినకొద్దీ గట్టిపడుతుంది. కాల్చి, నొక్కి, సాగదీసి, మళ్ళీ కాల్చితే మెడలో స్ప్రింగు గుణం పెరుగుతుంది. ఒకే డైలోంచి వచ్చిన రెండు మెడలు రెండు రకాలుగా వెనక్కి వస్తాయి. వేడి చేస్తే మళ్ళీ మెత్తబడుతుంది, మెడలు త్వరగా చిట్లవు. ఇంతవరకు లోహశాస్త్రం, కాదనేదేమీ లేదు. చేసే తీరులోనే గోల. పాత పద్ధతిలో కేసుల్ని పళ్ళెంలో సగం నీళ్ళలో నిలబెట్టి, లైటు ఆర్పేసి, మెడ ఎర్రబడబోతుండగా నీళ్ళలోకి తోసేవారు. ఇత్తడి ఉక్కులాంటిది కాదు, నీళ్ళలో ముంచితే గట్టిపడదు. ఆ నీళ్ళు ఉన్నది అడుగుభాగానికి వేడి ఎక్కకుండా. అడుగు మెత్తబడితే ప్రాణం మీదికి వస్తుంది. ఇప్పుడు ఫలానా వేడికి కరిగే రంగు పూసి చూసుకునేవాళ్ళున్నారు. న్యూజిలాండ్ నుంచి వచ్చే ఇండక్షన్ యంత్రమైతే ముందు ఒక కేసుని బలి తీసుకుని, దాన్నిబట్టి మిగతావాటికి ఎంత వేడి కావాలో తనే లెక్క కట్టుకుంటుంది. దాని ధర చూస్తే బలి అయ్యేది కేసు ఒక్కటే కాదనిపిస్తుంది.

చేత్తో పట్టుకున్న గ్యాస్ మంటతో ఒక కేసుని ఐదు సెకన్లు, ఇంకో కేసుని ఆరున్నర సెకన్లు వేడిచేస్తే, తేడా తగ్గించడానికి మొదలుపెట్టిన పని తేడా పెంచుతుంది. అసలు చేయకపోతే అన్నీ కలిసికట్టుగా గట్టిపడతాయి కదా అని ఒక్కోసారి అనిపిస్తుంది. కేసు ఆయుష్షు పెరగడం నేను కళ్ళారా చూశాను. టార్గెట్ మీద తేడా మాత్రం నాకు తేలలేదు.

మరి బెంచ్‌రెస్ట్ వాళ్ళు పిచ్చివాళ్ళా?

బెంచ్‌రెస్ట్ అంటే రైఫిల్‌ని బల్ల మీద ఆనించి, గ్రూపు ఎంత చిన్నదన్నదే చూసే పోటీ. శనివారం ఫోన్లో మావాడు వేసిన ప్రశ్న ఇదే. "మరి వాళ్ళంతా ఎందుకు చేస్తారన్నా, తెలియకా?"

తెలిసే చేస్తారు. వాళ్ళ లెక్క వేరు. 1975లో లూ పాల్మిసానో, ఫెరిస్ పిండెల్ కలిసి .220 రష్యన్ కేసులోంచి 6 పీపీసీ అనే తూటా తయారుచేసినప్పటి నుంచి దగ్గరి దూరాల బెంచ్‌రెస్ట్‌ని అదే ఏలుతోంది. ఆ ఛాంబర్లలో మెడ వ్యాసం 0.262 అంగుళాలుగా బిగుతుగా కోయిస్తారు. అక్కడ కేసు మెడ చెక్కడం సరదా కోసం కాదు, చెక్కకపోతే తూటా లోపలికే పోదు. అలాంటి రైఫిల్ బ్రాస్‌తో నిమిత్తం లేకుండానే 0.2 అంగుళాలు కాలుస్తుందనుకోండి. ఇందాకటి లెక్క ఇక్కడ వేయండి. 0.04కి 0.01 కలిపితే 0.05, వర్గమూలం 0.224. బ్రాస్‌ని సరిచేస్తే పదో వంతు పైగా లాభం. గెలుపోటములు వెంట్రుకవాసిలో తేలే చోట అది బంగారం. వాళ్ళు చేసింది చూసి మనం చేయడంలోనే వచ్చింది చిక్కు. వాళ్ళ పెద్ద తప్పు మనకంటే చాలా చిన్నది కాబట్టి వాళ్ళకి చిన్న తప్పు కనపడుతోంది.

మా రాష్ట్రంలోనే, హ్యూస్టన్‌లో, 1980ల మొదట్లో వర్జిల్ కింగ్ అనే షూటర్ ఒక పెద్ద గోదాం లోపల, గాలి సోకని చోట, నూరు గజాల దూరం పెట్టి కాల్చి చూసిన సంగతి ఈ రంగంలో అందరూ చెప్పుకుంటారు. గాలి లేకపోతే ఏది అవసరమో ఏది కాదో తేలిపోతుందన్నది ఆయన ఆలోచన. నాకు అందులో నచ్చేది ఆయన సాధించిన గ్రూపులు కాదు, ఆ వరస. ముందు పెద్ద తప్పుని తీసేసి, ఆ తర్వాతే చిన్నవాటిని వెతికాడు. మనం గాలిని అక్కడే వదిలేసి ఫ్లాష్ హోల్ గీకుతున్నాం. అదే బెంచ్‌రెస్ట్ లోకంలో చాలామంది ఏళ్ళ తరబడి పౌడర్‌ని తూచకుండా కొలపాత్రతో పోసి ప్రపంచ స్థాయి గ్రూపులు కాల్చారన్నది కూడా గుర్తుపెట్టుకోవాలి. మనకి నచ్చిన అలవాట్లనే వాళ్ళ దగ్గర్నుంచి తెచ్చుకుంటాం, ఇలాంటివి వదిలేస్తాం.

ఏరడం

మా క్లబ్బులో డెబ్బై దాటిన ఒక పెద్దాయన ఉన్నాడు. ఎఫ్-క్లాస్‌లో పిల్లల్ని వరసగా ఓడిస్తాడు. ఆయన కేసులు నల్లగా ఉంటాయి, తూచడు, మెడ చెక్కడు. ఒకసారి ఆయన పక్కన కూర్చుని లోడింగ్ చూశాను. బుల్లెట్‌ని చేతి డైలో పెట్టి, ఆర్బర్ ప్రెస్ పిడిని అరచేత్తో మెల్లగా దింపుతున్నాడు. మాటలు ఆపడు, మనవరాలి పెళ్ళి కబుర్లు చెబుతూనే ఉన్నాడు. ఉన్నట్టుండి ఒక తూటాని తీసి డబ్బాలో చివరి వరసలో పెట్టాడు. ఏమైందని అడిగాను. "నచ్చలేదు" అన్నాడు. అరచేతికి మిగతావాటిలా అనిపించలేదట. నాకివ్వమని తీసుకుని తిప్పి తిప్పి చూశాను. కంటికి ఏ తేడా లేదు. పక్కన పెట్టినవన్నీ పోటీలో సైటర్లుగా, అంటే లెక్కలోకి రాని ముందు షాట్లుగా కాల్చేస్తాడు. స్కోరులోకి రానివ్వడు.

అది చూశాకే నా ఆలోచన ఒక రూపానికి వచ్చింది. ఆయన ఏ కేసునీ బాగుచేయడు. బాగాలేనిదాన్ని స్కోరు దగ్గరికి రానివ్వడు. మనకి పోటీ పోయేది సగటు వల్ల కాదు. ఇరవై తూటాల్లో ఎక్కడో ఒకటి ఎనిమిది పాయింట్ల రింగులో పడటం వల్ల. ఆ ఒక్కటీ గాలి వల్ల కావచ్చు, మన వేలి వల్ల కావచ్చు, కొన్నిసార్లు కేసు వల్ల కూడా కావచ్చు. సగటుని సన్నబరిచే పనికి లెక్క ఎలా అడ్డం తిరుగుతుందో పైన చూశాం. ఆ ఒక్కదాన్ని పట్టుకునే పనికి ఆ లెక్క వర్తించదు.

ఒలింపిక్ స్థాయిలో .22 కాల్చేవాళ్ళని చూడండి. అది రిమ్‌ఫైర్, అంటే విడిగా ప్రైమర్ లేకుండా తొడుగు అంచులోనే నిప్పు మందు ఉండే తూటా. దాన్ని మళ్ళీ లోడ్ చేసే వీలే లేదు. తొడుగుని ముట్టుకునేదే ఉండదు. అయినా 50 మీటర్ల దగ్గర వాళ్ళు కాల్చే గ్రూపులు చూస్తే మన సెంటర్‌ఫైర్ గర్వం దిగిపోతుంది. వాళ్ళేం చేస్తారు? రైఫిల్ పట్టుకుని తూటాల కంపెనీ టెస్ట్ రేంజ్‌కి వెళ్తారు. ఈలీ, లాపువా రెండింటికీ అలాంటి రేంజ్‌లున్నాయి. రకరకాల లాట్‌లు (ఒకే విడతలో తయారైన తూటాలు) కాల్చి, తమ బ్యారెల్‌కి పడిన లాట్ ఏదో చూసి, దాన్నే పెట్టెలకి పెట్టెలు కొనుక్కుంటారు. మన హైదరాబాద్ గగన్ నారంగ్ 2012 లండన్‌లో కాంస్యం తెచ్చిన 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌లో కూడా అంతే, పెల్లెట్లని లాట్ చూసి ఎంచుకోవడమే తప్ప వాటికి చేసే సేవేమీ ఉండదు. ప్రపంచంలోకెల్లా నిక్కచ్చిగా కాల్చేవాళ్ళు ఎంపికతోనే బతుకుతున్నారు.

ఇక్కడ నా వాదనకి నేనే అడ్డం వేసుకోవాలి. కేసు చెడ్డదని తెలిసేది ఎలా? చాలాసార్లు ఆ అనవసరపు పని చేస్తుంటేనే. ఫ్లాష్ హోల్ గీకుతుంటేనే ఒకదాంట్లో రంధ్రం పక్కకి ఉందని తెలుస్తుంది. మెడ చెక్కుతుంటేనే ఒక పక్క మందంగా, ఇంకో పక్క పలచగా ఉందని బయటపడుతుంది. తూస్తుంటేనే డబ్బా మొత్తంలో ఒకటి నాలుగు గ్రెయిన్లు దూరంగా నిలబడి కనిపిస్తుంది. అంటే నేను దండగన్న పనులే రాళ్ళని పట్టిస్తున్నాయి కదా?

పట్టిస్తున్నాయి. కాకపోతే పట్టించడానికి కోత అవసరం లేదు, కొలత చాలు. ఫ్లాష్ హోల్‌ని మూతిలోంచి టార్చి వేసి చూస్తే నడిమధ్యలో ఉందో లేదో తెలిసిపోతుంది. మెడ మందాన్ని నాలుగు వైపులా కొలిచే బాల్ మైక్రోమీటర్ ధర నెక్ టర్నింగ్ కిట్‌లో కొంత భాగమే. కొలిచి, వెయ్యో వంతున్నర పైగా తేడా ఉన్నదాన్ని ప్రాక్టీసు డబ్బాలో పడేస్తే సరి. తూచడం కూడా అలాగే వాడతాను. బరువుల ప్రకారం గంపలుగా విడదీయను, మంద నుంచి తప్పిపోయిన ఒకటి రెంటిని తీసేస్తాను. ఇంకో సంగతి, కోసిన ఇత్తడి తిరిగి రాదు. ప్రైమర్ పాకెట్‌ని లోతుగా గీకేశాక, ఫ్లాష్ హోల్ పెద్దది చేశాక, ఆ తప్పు కేసు ఉన్నన్నాళ్ళూ దాంతోనే ఉంటుంది. కాలిపర్స్‌తో కొలిచినందుకు ఏ కేసూ పాడవలేదు.

ప్రైమర్ కూర్చోబెట్టేటప్పుడు చేతి ప్రైమర్ పరికరమే వాడేది కూడా అందుకే. బెంచి ప్రెస్ మీద తెలియనిది పిడికిట్లో తెలుస్తుంది. ప్రైమర్ సుతారంగా, ఏ అడ్డూ లేకుండా జారిపోయిందంటే ఆ పాకెట్ వదులైపోయినట్టే, దానికదే ఆఖరి విడత. దీనికి ఏ గేజూ కొననక్కర్లేదు. ఒక పెట్టెలోని కేసులు మొదటినుంచీ కలిసే ఉండాలి, ఎన్నిసార్లు కాల్చామో మూత మీద రాసి ఉండాలి, కింద పడ్డ ఎవరివో కేసులు వాటిలో కలవకూడదు. ఈ మూడూ పాటిస్తే మిగతా సగం పని తప్పుతుంది.

చేయడంలోనే ఆనందం ఉంటే? ఉండొచ్చు. రాత్రి పిల్లలు పడుకున్నాక గరాజ్‌లో రేడియో పెట్టుకుని కేసు తర్వాత కేసు తిప్పుతుంటే మనసు కుదుటపడుతుందని నాకూ తెలుసు. రేపు కాల్చబోయే ప్రతి తూటానీ చేత్తో తాకానన్న ధైర్యం ట్రిగర్ దగ్గర పనికొస్తుందనే వాదనని కొట్టిపారేయలేను. గురి సగం బుర్రలోనే ఉంటుంది మరి. అయితే దాన్ని సరదా అనే చెప్పుకుందాం. కొత్తగా వచ్చినవాడికి అది తప్పనిసరి అని చెప్పి, వాడి చేత రైఫిల్ ధరకి మించిన పనిముట్లు కొనిపించి, ప్రైమర్లకీ బుల్లెట్లకీ డబ్బు లేకుండా చేయడం నాకు నచ్చలేదు. 2020 తర్వాత ప్రైమర్లు దొరక్క, దొరికినా ఆ ధరలకి కొనలేక మనమెన్ని వారాంతాలు ఊరికే కూర్చున్నామో మర్చిపోయామా?

ఏరి పక్కన పెట్టినవాటి సంగతి కూడా చెప్పి ఆపుతాను. కొంచెం తేడాగా ఉన్నవి ప్రాక్టీసుకి వెళ్తాయి. గోడ పలచబడ్డవి, పాకెట్ వదులైనవి, మెడ చిట్లినవి మాత్రం అప్పటికప్పుడే ప్లయర్‌తో మూతి నొక్కేసి తుక్కు బకెట్‌లో వేస్తాను. నొక్కకుండా వేస్తే, ఇంకొక్కసారి కాల్చితే ఏమవుతుందిలే అన్న పొదుపు బుద్ధి పుట్టిన రోజు వాటిని మళ్ళీ ఏరి తెచ్చుకునేది ఎవరో నాకు బాగా తెలుసు.